పన్నెండో అంతస్తు ఎవరూ గెలవలేదు

మంగళవారం

పన్నెండో అంతస్తు నేను గెలవలేదు. ఒక్కసారి కూడా గెలవలేదు. నీ గది గోడ మీది కాగితంలో ఆ వరుసలో ఉన్న ఐదు టిక్కులూ దొంగ టిక్కులు. ఐదూ అమృతం నొక్కి పెట్టినవే.

ముందు ఈ మాట రాసేసి, మిగతాది తర్వాత రాద్దామనుకున్నాను. బావా నువ్వెలా ఉన్నావు, అక్క ఎలా ఉంది అని మొదలుపెడితే ఆ క్షేమసమాచారాల్లోనే పడి అసలు సంగతి రేపటికి పోతుంది. నాలుగు నెలలుగా అలాగే పోతోంది. ఫోన్ చేస్తే నువ్వు రెండో మాటకే నన్ను నవ్వించేస్తావు. నవ్వుతూ నవ్వుతూ తప్పు ఒప్పుకోవడం నా వల్ల కాదు. అందుకే కాగితం. టైర్ల షాపు మీది నీ గది తలుపు కిందనుంచి దీన్ని లోపలికి తోసి పనికి వెళ్ళిపోతాను.

నీకు తెలిసిన సంగతులు కూడా రాస్తున్నానేమిటని విసుక్కోకు. ఈ ఉత్తరం చివరికి నువ్వొక్కడివే చదువుతావని నాకు నమ్మకం లేదు.

తొమ్మిదేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషివి నువ్వు. ఆ పని మానేసి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, మూడేళ్ళు కుర్చీకి అతుక్కుపోయి ఒక ఆట తయారుచేశావు. పాతకాలపు ఆటల్లా నాలుగే రంగులు, బియ్యపు గింజంత చుక్కలు, టుక్కు టుక్కుమనే సంగీతం. పన్నెండంతస్తుల మేడలో ఇరుక్కుపోయిన ఒక లిఫ్టు మెకానిక్, వాడి చేతిలో తుపాకీ, చుట్టూ బుల్లెట్ల వాన. చస్తే మళ్ళీ కింది అంతస్తు నుంచి మొదలు. ప్రతిసారీ గదులు కొత్తగా అమరుతాయి కాబట్టి బట్టీ పట్టి గెలవడం కుదరదు. "లిఫ్టు ఎక్కడ ఆగితే అక్కడే కదా బావా బాగుచేస్తారు, మళ్ళీ కిందనుంచి ఎందుకు?" అని నేనడిగితే, "మా సూపర్వైజరు నాచేత అలాగే చేయించేవాడురా, లోకం మీద పగ తీర్చుకుంటున్నా" అన్నావు.

ఎంత కఠినంగా చేసినా ఒక నియమం మాత్రం తప్పకూడదని పెట్టుకున్నావు. కొత్త లిఫ్టులో మనుషుల్ని ఎక్కించేముందు ఇసుక బస్తాలు వేసి ఐదుసార్లు పైకీ కిందకీ తిప్పేవాళ్ళట మీరు. ఆటకీ అదే పెట్టావు. ఈ గదిలో మనిషి చేత్తో ఐదుసార్లు గెలవని అంతస్తు ఆటలో ఉండకూడదు. గెలిచినప్పుడల్లా గోడ మీది కాగితంలో టిక్కు పెట్టాలి. ఆ ఇసుక బస్తాని నేను. అమృతం అని మనం పేరు పెట్టుకున్న మీట ఒకటుంది. అది నొక్కితే బుల్లెట్లు తగలవు. గోడల రంగులు, చప్పుళ్ళు సరిచూసుకోవడానికి పెట్టావు దాన్ని. అమృతం తాగి టిక్కు పెట్టకూడదు. అది చెప్పకుండానే తెలియాల్సిన సంగతి. నాకు తెలుసు కూడా.

నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. ఫోన్ల షాపులో పగిలిన అద్దాలు మారుస్తాను. ఆ పని ఎవరూ నేర్పలేదు, పగిలినవి విప్పి విప్పి నేర్చుకున్నాను. ఇంట్లో నన్ను పనికొచ్చేవాడిగా చూసిన మొదటి మనిషివి నువ్వే. "వీడి నోరు మొరటే కానీ వేళ్ళకి చదువుందే" అని ఒకసారి అక్కతో అన్నావు. నేను విన్నానని నీకు తెలీదు. ఆ మాట మీద మూడేళ్ళు బతికాను. షిఫ్టుకి ముందు రెండు గంటలు, సెలవు రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా, నీ గదిలో కూర్చుని చచ్చాను, లేచాను, చచ్చాను. పదకొండు అంతస్తులకీ ఐదేసి టిక్కులు పెట్టాను. ఆ యాభై ఐదూ నిజం. వాటి మీద ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను.

పన్నెండోది మొదలుపెట్టిన వారంలోనే షాపులో వేడి పలక మీద నా కుడి బొటనవేలు కాలింది. అద్దం ఊడతీయడానికి ఫోన్‌ని ఆ పలక మీదే పెడతాం. గాయం మానింది కానీ వేలు పక్కకి వంగినప్పుడు ఓ అరక్షణం ఆలస్యం చేసేది. నీకు చెప్పలేదు. మూడు వారాలు ఓడిపోయాను. పరీక్ష కోసం నేరుగా ఆ అంతస్తు నుంచే మొదలయ్యేలా నువ్వు పెట్టావు కాబట్టి, రోజుకి ముప్పై నలభైసార్లు అదే చోట, బుల్లెట్ల మూడో దఫా దగ్గర. నువ్వు వచ్చి వెనకాల నిలబడి, టీ ఊదుకుంటూ చూసి వెళ్ళిపోయేవాడివి.

ఒకరోజు పొద్దున్న నేను మీ ఇంటికొచ్చేసరికి వంటింట్లో అక్కతో అంటున్నావు. "వీడి పని అయిపోయినట్టుందే. వేళ్ళు మొద్దుబారాయి. ఇంకెవరినైనా చూడాలేమో."

అక్క, "పోనీ ఆ అంతస్తే కాస్త తగ్గించరాదూ" అంది.

"నా వల్ల కావట్లేదని వాడొక్క మాట అంటే తగ్గిస్తా. వాడు అనడుగా" అన్నావు.

నిజమే. ఒక్క మాట. ఆ మాటకి నా నోరు రాలేదు. వేళ్ళకి చదువుందన్న మనిషి దగ్గరికి వెళ్ళి వేళ్ళు తప్పాయని చెప్పడం కంటే దొంగతనం తేలికనిపించింది. మర్నాడు నీ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. కింద టైర్లకి గాలి కొడుతున్నారు. అమృతం నొక్కాను. బుల్లెట్లు నా మెకానిక్ ఒంట్లోంచి అటు దూసుకుపోతుంటే, వాడు పెళ్ళికి వెళ్తున్నవాడిలా తాపీగా నడుచుకుంటూ పైకి పోయాడు. ఐదుసార్లు. చివరి టిక్కు పెడుతుండగా నువ్వొచ్చావు. కాగితం చూసి నా తల రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపావు.

"ఎలారా?"

"అలవాటైపోయింది బావా."

ఆ సాయంత్రమే నాకోసం గదిలో కొత్త కుర్చీ వేయించావు. అందులో కూర్చున్నప్పుడల్లా నాకేమనిపించేదో ఇక్కడ రాయను. రాస్తే నీ జాలి కోసం రాసినట్టుంటుంది. నాకు నేను చెప్పుకున్నది మాత్రం రాస్తాను. అడ్డం నా వేలేగానీ ఆట కాదు, మంచి వేళ్ళున్నవాళ్ళు గెలుస్తారులే అని చెప్పుకున్నాను.

ఆట బయటికొచ్చింది. మొదటి వారం సమీక్షలన్నీ నువ్వే గొంతెత్తి చదివావు. "కఠినం, కానీ మోసం లేదు" అన్నాడొకాయన. "చచ్చిన ప్రతిసారీ తప్పు నాదేనని తెలుస్తుంది" అన్నాడు ఇంకొకాయన. పదికి తొమ్మిది, పదికి ఎనిమిదిన్నర. మూడోది చదవడానికి కుర్చీ ఎక్కి నిలబడ్డావు. "దిగండి మహానుభావా, పడితే రేపు నేనే రక్తం తీయాలి" అంది రక్తపరీక్షల ల్యాబ్‌లో పని ముగించుకుని అప్పుడే వచ్చిన అక్క. "పడితే ఏముందే, కిందనుంచి మళ్ళీ మొదలెడతా" అన్నావు. నేనూ నవ్వాను. కానీ ఒకటి గమనించాను. పదో అంతస్తు నుంచి గోడలు ఎర్రగా ఉంటాయి. ఆ సమీక్షల పక్కన వేసిన బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ ఎరుపు లేదు. మెచ్చుకున్నవాళ్ళెవరూ తొమ్మిది దాటలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

తర్వాత టీచరమ్మ రాసింది. బడిలో లెక్కలు చెబుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. చివరిదాకా వెళ్ళి చూడని ఆట గురించి ఒక్క వాక్యం కూడా రాయదని పేరు. మన ఆటతో మూడు వారాలు కూర్చుంది. ఆవిడ రాసింది నాకు కంఠతా వచ్చు. "పదకొండో అంతస్తు వరకు ఈ ఆటకి చేతులు జోడిస్తాను. చంపిన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్పింది. పన్నెండో అంతస్తు ఏమీ నేర్పదు. రెండువందల ఆరుసార్లు చచ్చి చెబుతున్నాను, అక్కడ దారి లేదు. తయారుచేసినవాళ్ళు కూడా అది దాటి ఉండరని నా అనుమానం. దాటలేనిదానికి మార్కులు వేయలేను."

ఆ ఆదివారం పొద్దున్న జరిగింది నీకు గుర్తుందా? అక్క బట్టలు మడతపెడుతూ, "ఆవిడ మాటల్లో ఎక్కడా ఏడుపు లేదండీ. చూసింది చూసినట్టు రాసినట్టుంది" అంది.

"మీ ఆడవాళ్ళంతా ఒకటి" అన్నావు. నావైపు తిరిగి, "ఏరా, ఐదుసార్లు గెలిచావుగా?" అన్నావు.

అక్క మడత ఆపి నన్ను చూసింది.

"గెలిచానుగా బావా" అన్నాను.

నువ్వు అక్కడే కూర్చుని, ఆవిడ సమీక్ష కిందే, లోకమంతా చూసేలా ఆవిడకి జవాబు రాశావు. "టీచరుగారూ, మా బావమరిది పదో తరగతి తప్పినవాడు. మీకు దారి కనపడనిచోట ఐదుసార్లు చేత్తో దాటాడు. లోపం ఆటలో లేదు. మళ్ళీ ప్రయత్నించండి, మీ పిల్లలకి మీరు చెప్పేదే కదా." మధ్యాహ్నానికి వేలమంది చప్పట్లు కొట్టారు. ఆవిడ మీద పడ్డారు. సుద్దముక్క పట్టుకునే చేతికి తుపాకీ ఎందుకన్నారు. ఆ మాట పట్టుకుని సుద్దముక్క, సుద్దముక్క అని వారమంతా తిట్టారు. ఎవడో ఆవిడ బడి గేటు ముందు సుద్దముక్కల పెట్టె పెట్టి ఫొటో తీసి పెట్టాడు. పిల్లలు చూశారట. హెడ్మాస్టరు పిలిచి అడిగాడట.

మొన్న ఆవిడ నాలుగు వాక్యాలు రాసింది. "ఒక మనిషి చేత్తో ఐదుసార్లు గెలిచాడని తయారుచేసినాయన చెబుతున్నారు. నేను నమ్ముతున్నాను. నా చేతిలోని లోపాన్ని ఆటకి అంటగట్టాను. వచ్చే ఆదివారం నా సమీక్ష వెనక్కి తీసుకుని క్షమాపణ రాస్తాను, ఆ తర్వాత సమీక్షలు రాయను."

నమ్ముతున్నాను అంది చూశావా. నా టిక్కుల్ని నమ్మింది. నిజం రాసిన మనిషి ఆదివారం నాడు అబద్ధానికి క్షమాపణ చెప్పబోతోంది.

నాకు నీ మీద కూడా కోపంగా ఉంది. తప్పు చేసినవాడికి కోపం తెచ్చుకునే హక్కు లేదంటే, సరే, హక్కు లేని కోపమే అనుకో. ఆవిడకి జవాబు రాసేముందు, "ఏదీ, ఒక్కసారి నా ముందు ఆడి చూపించరా" అని నన్నెందుకు అడగలేదు? నట్టు బిగించాక కూడా రెండుసార్లు లాగి చూసే మనిషివి. ఒక్కసారి అడిగి ఉంటే నా బండారం అప్పుడే బయటపడేది. ఆవిడకి ఇదంతా తప్పేది.

నన్ను తిట్టు. గదికి రావద్దను. ఏం చెయ్యమంటావో చెప్పు, నా పేరు పెట్టి నేనే అందరికీ రాస్తాను. ఆదివారం లోపల.

నీ బావమరిది


బుధవారం

ఒరేయ్ నా బంగారు బామ్మర్దీ,

ఉత్తరం నిన్ననే చదివాను. మూడుసార్లు చదివాను. నువ్వింత బాగా రాస్తావని తెలిస్తే ఆట మానేసి నీచేత నవలలు రాయించేవాణ్ణి కదరా. మీ అక్కకి చూపించలేదు. చూపించను కూడా. ముందు ఆ వేలు ఒకసారి డాక్టరుకి చూపించు. ఇన్నాళ్ళు దాచుకున్నావంటే నీ అంత మొండిఘటం ఇంకొకడు లేడు.

ఇప్పుడు నేను చెప్పేది కుదురుగా కూర్చుని చదువు. నువ్వనుకుంటున్నట్టు నువ్వేమీ పాడుచేయలేదు. నీ వేలూ పాడుచేయలేదు.

మనవాడు, ఆ మెకానిక్, ఎనిమిది చుక్కల వెడల్పు. పన్నెండో అంతస్తులో గదులు ఎలా అమరినా, మూడో దఫాలో బుల్లెట్ల మధ్య సందు ఏడు చుక్కలే. ఎనిమిది చుక్కలవాడు ఏడు చుక్కల్లోంచి పోవాలంటే ఎండు చేప అవ్వాలి. నీ వేలు కాదు కదా, పది చేతుల దేవుడొచ్చినా కుదరదు. నా లెక్క తప్పింది.

నాకెప్పుడు తెలిసిందంటావు. విడుదలకి ఆరు రోజుల ముందు. ఎవరు ఏ మీట నొక్కారో గదిలోని కంప్యూటరు తనంతట తాను రాసుకుంటుందిరా, ఆ సంగతి నీకు నేనెప్పుడూ చెప్పలేదు. ఇంకేదో వెతుకుతుంటే నీ ఐదు ఆటల్లోనూ అమృతం కనపడింది. కోపం రాలేదు, ఒట్టు. వీడే దొంగతనానికి దిగాడంటే అక్కడేదో ఉందని కొలిచి చూశాను. ఏడు.

సరిచేయడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. ఆ సందు కదిపితే పైనా కిందా అన్నీ కదులుతాయి. తేదీ అప్పటికే అందరికీ చెప్పేశాను. మూడేళ్ళు మీ అక్క పొద్దున్నే లేచి ఊళ్ళో వాళ్ళ రక్తం తీస్తూ నన్ను పోషించింది. ఇంకో రెండు వారాలే అని దాని మొహం చూసి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. చాలా ఆటల్ని సగం దాకా కూడా ఎవరూ ఆడరు, అక్కడిదాకా వచ్చే నాథుడెవడులే అనుకున్నాను. ఆవిడ వచ్చింది.

నిన్ను ఆడి చూపించమని ఎందుకు అడగలేదన్నావు. అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని. అంతేరా. నువ్వు గెలిచానన్నావు కాబట్టి, నువ్వన్నదే నేను రాశాను, కాబట్టి అబద్ధం నాది కాదు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. దిక్కుమాలిన లెక్కే. నేను బుద్ధిమంతుణ్ణని ఎప్పుడూ అనలేదుగా.

సరిచేయడం సగం అయిపోయింది. ఇంకో పదిరోజుల్లో చిన్న చిన్న సవరణలు అని పేరు పెట్టి వదిలేస్తాను. తొమ్మిది చుక్కలు చేస్తున్నాను. ఎవరికీ తెలియదు. టీచరమ్మ మళ్ళీ ఆడితే గెలుస్తుంది కూడా, గెలిచాక ఆవిడే మెచ్చుకుంటుంది చూడు. జనం నెలరోజుల్లో మర్చిపోతారు. నువ్వు మాత్రం ఎక్కడా ఏమీ రాయకు. నువ్వు రాస్తే నీ ఒక్కడి పేరే పోదు. మూడేళ్ళ పని, మీ అక్క కష్టం, అన్నీ పోతాయి.

నిన్ను నేనేమీ అనను. మనసులోంచి తీసేయ్. నీ కుర్చీ నీకే ఉంది, ఆదివారం వచ్చి కూర్చో. కొత్త సందులోంచి గెలిచి చూపించాలి నువ్వు.

ప్రేమతో,
నీ బావ


గురువారం

సందు ఏడు చుక్కలేనని తెలిసి కూడా ఆవిడ చేతిలో లోపం ఉందన్నావు.

నా టిక్కులు దొంగవని తెలిసి కూడా వాటినే ఆవిడ మొహాన కొట్టావు. నాది భయంతో చేసిన తప్పు. నీది కొలిచి చేసిన తప్పు. నీ ఉత్తరం మూడుచోట్ల నవ్వొచ్చేలా ఉంది, నేను నవ్వలేదు.

నన్నేమీ అననన్నావు. నాకది అక్కర్లేదు. నేను చెడగొట్టింది నీ పేరు కాదు, నువ్వు వదిలేస్తే పోవడానికి. తెలిసిన రోజు నుంచి ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చున్నావు. నేను ఆ కుర్చీలో చచ్చిపోతున్నది చూస్తూనే ఉన్నావు. "తెలుసులేరా" అని ఒక్క మాట అంటే నేనెక్కడ నిజం చెప్పేస్తానోనని ఊరుకున్నావు. నా సిగ్గుని నీ గదికి తాళం వేసుకోవడానికి వాడుకున్నావు. వేళ్ళు మొద్దుబారాయన్నప్పుడు కూడా నీ మీద ఇంత కోపం రాలేదు బావా.

అయినా నేను మంచివాణ్ణి, నువ్వు చెడ్డవాడివి అని తేల్చడానికి ఇది రాయడం లేదు. అలా తేల్చేసుకుంటే నాకు హాయిగా ఉంటుంది. ఉండకూడదు. మంగళవారం ఉత్తరంలో అంతా చెప్పేశాననుకున్నావు కదా. చెప్పలేదు. అన్నిటికంటే నీచమైనది దాచుకున్నాను.

సుద్దముక్క మాట నాది. ఆ ఆదివారం మధ్యాహ్నం షాపులో అద్దాలు తుడుస్తూ, మధ్యలో ఫోన్ తీసి, గురి తప్పనివాడు అనే దొంగ పేరు పెట్టుకుని, "సుద్దముక్క పట్టుకునే చేతికి తుపాకీ ఎందుకమ్మా" అని రాసింది నేను. నాకు ఆవిడ మీద ఏ కోపమూ లేదు. ఆవిడ నిజం కనిపెట్టింది కాబట్టి భయం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ముందు నేనే లేచి అరిచాను. పదకొండువందల మంది మెచ్చుకున్నారు. సాయంత్రానికి అది అందరి మాటా అయిపోయింది. ఆ సుద్దముక్కల పెట్టె గేటు దగ్గర పెట్టినవాడెవడో నాకు తెలియదు. వాడి చేతికి పెట్టె అందించింది మాత్రం నేనే. ఏడు చుక్కలని చదివినప్పుడు నా వేలికి ఊరట దొరికింది. నాకు దొరకలేదు. వేలు బాగున్నా, సందు వెడల్పుగా ఉన్నా, ఆ మాట రాసేవాణ్ణే అని నాకిప్పుడు అనిపిస్తోంది, అదే నిద్రపట్టనివ్వడం లేదు.

నా ఉత్తరానికి ఉంచుకున్న నకలూ, నీ ఉత్తరమూ తీసుకుని పొద్దున్న అక్క పనిచేసే ల్యాబ్‌కి వెళ్ళాను. నువ్వు చూపించనన్నావు కదా, నేను చూపించాను. వరుసలో పదిమంది కూర్చుని ఉన్నారు. అక్క నాకు ఐదు నిమిషాలే ఇచ్చింది. దూదీ స్పిరిటూ పెట్టుకునే బల్ల దగ్గర నిలబడి రెండూ చదివింది. సుద్దముక్క సంగతి నోటితో చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందేమోననుకున్నాను. కాగితాలు మడిచి నా జేబులో పెట్టింది.

"ఆవిడకి ఎవరు చెప్తున్నారు?" అంది.

"బావ వద్దంటున్నాడే."

"మీ బావ వద్దన్నారా, నువ్వు వద్దన్నావా, మీ బావాబామ్మర్దుల పంచాయితీ నాకొద్దురా. నా కష్టం పోతుందని రాశారే ఆయన, నా కష్టాన్ని అడ్డం పెట్టుకోమని ఆయనకి ఎవరు చెప్పారు? రోజుకి అరవైమందికి సూది గుచ్చుతాను. దొరక్కపోతే నరం దొరకలేదమ్మా అని చెప్పి ఇంకో చేతికి గుచ్చుతాను. నీ చేతిలోనే లోపముందని ఏ రోజూ ఎవరితోనూ అనలేదు." తర్వాత వరుసలోని ముసలాయన్ని పిలిచి, "రండి తాతగారూ, చొక్కా పైకి మడవండి" అంది. నావైపు మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నీ చిన్న చిన్న సవరణల సంగతి. తొమ్మిది చుక్కలు చేసేసి మాట్లాడకుండా ఊరుకుంటే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. పదిరోజుల తర్వాత అందరూ ఆ అంతస్తు గెలుస్తారు. అప్పుడిక లోకం దృష్టిలో ఆవిడ ఎప్పటికీ తప్పే. ఆవిడ రాసినప్పుడు దారి లేదన్న సాక్ష్యం కూడా నీ చేత్తో నువ్వే చెరిపేస్తున్నావు. పైగా ఆవిడే మెచ్చుకుంటుందట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం విన్నాను కానీ, పాలు పోసినావిడ దగ్గర మెప్పు కూడా అడగడం ఇప్పుడే చూస్తున్నాను.

ఆట పోతుందన్నావు. పోదు. పదకొండు అంతస్తులు గొప్పగా ఉన్నాయని రాసింది కూడా ఆవిడే. తొమ్మిది దాటనివాళ్ళు ఇచ్చిన మార్కులు పట్టుకుని కుర్చీ ఎక్కావు. రెండువందల ఆరుసార్లు చచ్చి, నీ పని మొత్తం చూసి, చేతులు జోడించిన ఒకే ఒక్క మనిషిని తరిమేశాం. నీ ఆటని నీ అంత ప్రేమగా చదివింది ఆవిడొక్కతే. ఆవిడ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న నేను. పోతే మన పేర్లు పోతాయి. పోనీ.

కాబట్టి నాకు కావలసింది ఇది. నీ వాళ్ళంతా చప్పట్లు కొట్టినచోటే, అదే జవాబు కింద, నీ పేరుతో నువ్వు రాయాలి. పన్నెండో అంతస్తు ఎవరూ గెలవలేదని రాయాలి. సందు ఏడు చుక్కలని, మెకానిక్ ఎనిమిదని, అది విడుదలకి ఆరు రోజుల ముందే నీకు తెలుసని రాయాలి. ఆవిడ రాసిన ప్రతి అక్షరం నిజమని రాయాలి. పొరపాటు జరిగింది, ఎవరైనా బాధపడి ఉంటే లాంటి మాటలు రాస్తే ఒప్పుకోను. ఆ కిందనే నా దొంగ టిక్కుల సంగతి, సుద్దముక్క సంగతి, నా అసలు పేరు పెట్టి నేను రాస్తాను. నాది రాయడం అయిపోయింది, ఈ ఉత్తరంతోపాటు నకలు పెడుతున్నాను. నా గురించి మెత్తగా ఉన్న మాటేదైనా కనపడితే కొట్టేయ్. ఆవిడ బడికి వెళ్ళి ఆ హెడ్మాస్టరుకి ఎదురుగా చెప్పడం శనివారం. ఇద్దరం వెళ్దాం. నువ్వు రాకపోతే నేనొక్కణ్ణే వెళ్తాను.

ఆదివారం పొద్దున్న ఆవిడ క్షమాపణ రాయడానికి కూర్చుంటుంది. ఆవిడ చెయ్యి కాగితం మీదికి వెళ్ళేముందు మన మాట ఆవిడకి చేరాలి. రేపు శుక్రవారం. సాయంత్రం ఆరింటికి షాపు షట్టరు దించుతాను. ఆలోపు నువ్వు రాసింది, కింద నీ సంతకంతో, కాగితం మీద నా చేతికి రావాలి. ఫోన్ చెయ్యకు, అక్కచేత కబురు పంపకు. రాకపోతే ఏడింటికి ఈ మూడు ఉత్తరాలూ ఉన్నవి ఉన్నట్టు అందరి ముందూ పెడతాను. శుక్రవారం, సాయంత్రం ఆరు. జవాబు రాయి.

నీ బావమరిది